ఏ సెక్షన్, బి సెక్షన్

2025 ఆగస్టు 18, సోమవారం

పదిహేనో తారీఖు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చేతికొస్తుంది. జగ్గయ్యపేట బస్టాండులో పల్లెవెలుగు తలుపు దగ్గర ఇవాళ పెళ్ళివారి సందడి. చిల్లకల్లు దాటేసరికి కాలు మోపడానికి చోటు లేదు. పత్తి చేలో కలుపుకి వెళ్తున్న ఒకామె నా ఒళ్ళో చార్టుల చుట్ట చూసి, “క్యాలెండర్లు అమ్ముతావా అమ్మా?” అంది. కాదు పెద్దమ్మా, బీఈడీ చదువుతున్నా అన్నాను. నా మెడలో నల్లపూసలూ, చార్టుల చుట్టా ఒకసారి చూసి, “కానీలే, మంచిదే” అంది.

కాలేజీలో సూక్ష్మ బోధన మొదలైంది. మాది సోషల్ మెథడాలజీ. రోజూ వచ్చేవాళ్ళం ఒక బెంచీకి ఎక్కువ, రెండు బెంచీలకి తక్కువ. పిల్లలుగా కూర్చోవడానికి మనుషులు చాలక బయలాజికల్ సైన్సు వాళ్ళని కూడా పిలిచారు. అందులో ఒకాయన లేచి చిటికెన వేలు చూపించి “టీచర్, బయటికి” అన్నాడు. ఆయన కొడుకు తొమ్మిదో తరగతి.

ఈ పద్ధతి 1963లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. డ్వైట్ ఆలెన్ పేరు పరీక్షకి ముఖ్యం అని పెన్సిల్‌తో గీత గీయించారు. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ దాన్ని 36 నిమిషాల చక్రంగా చేసింది. ఆరు నిమిషాలు చెప్పాలి, ఆరు నిమిషాలు పరిపుష్టి, అంటే చూసినవాళ్ళు బాగోగులు చెప్పాలి. పన్నెండు నిమిషాలు పాఠాన్ని మళ్ళీ రాసుకోవాలి. మళ్ళీ ఆరు నిమిషాలు చెప్పాలి, మళ్ళీ ఆరు నిమిషాలు వినాలి. కాగితం మీద చదివితే ముచ్చటేస్తుంది. తప్పు చేసినవాడికి అక్కడికక్కడే రెండో అవకాశం ఇచ్చే చదువు ఇంకెక్కడుంది?

మా దగ్గర మొదటి పరిపుష్టి కాగానే బెల్లు కొట్టారు. పునర్బోధన గడిలో ‘సంతృప్తికరం’ అని మమ్మల్నే రాసుకోమన్నారు. సంతకాలు అన్నీ ఒకేసారి.

సెప్టెంబరు 6, శనివారం

రాత్రి పదకొండు. చిన్నోడు పడుకున్నాక రికార్డులు. పాఠ్య ప్రణాళికల రికార్డు, సూక్ష్మ బోధన రికార్డు, మనోవిజ్ఞాన ప్రయోగాల రికార్డు, పాఠశాల పరిశీలన రికార్డు. అట్టలు వేసి, ఎర్ర స్కెచ్చితో మార్జిన్లు గీసి, మొదటి పేజీలో సరస్వతిని అతికించేసరికే చేతులు పడిపోతాయి.

డబ్బిస్తే రాసిపెట్టేవాళ్ళున్నారు. దస్తూరి బాగుంటే దానికో రేటు, బొమ్మలతో అయితే దానికో రేటు. మా బ్యాచ్‌లో ఒడిశా నుంచి చేరినవాళ్ళు పరీక్షలకి దిగుతారు, రాసి రైలెక్కుతారు. వాళ్ళ రికార్డులు వాళ్ళకంటే ముందే వచ్చి బీరువాలో కూర్చుంటాయి. వాళ్ళని అని ఏం లాభం? ఆ అమ్మాయిల్లో ఒకామెతో కిందటిసారి పరీక్ష హాలు బయట మాట్లాడాను. వాళ్ళ ఊళ్ళో కూలి మానుకుని వచ్చింది. సీటు దొరికిన చోట చేరింది. రోజూ రానక్కర్లేదన్న మాట ఆమెకి ముందే చెప్పారు.

ఈ కోర్సు ఒకప్పుడు ఏడాది. 2014లో ఎన్‌సీటీఈ నిబంధనలు మార్చి 2015 నుంచి రెండేళ్ళు చేసింది. పెంచిన ఏడాదిలో అసలు సరుకు బడిలో గడపాల్సిన కాలమే. మొత్తం 20 వారాలు, అందులో రెండో ఏడు 16. సగం దేశం ఆ 16 వారాల్ని కూడా రికార్డులోనే గడిపేస్తుందని నా అనుమానం.

మా ఆయన లేచొచ్చి “ఇంకా ఎన్ని పేజీలు?” అన్నారు. సిమెంటు లారీల ఆఫీసులో లెక్కలు రాసే మనిషి, ఆయనకి కాగితం ఎప్పుడూ పేజీల్లెక్కే. కూర్చుని నాలుగు మార్జిన్లు గీసిపెట్టారు. నాకంటే తిన్నగా వచ్చాయి.

సెప్టెంబరు 26, శుక్రవారం

దసరా సెలవులు. నిన్న అమరావతిలో మెగా డీఎస్సీ వాళ్ళకి నియామక పత్రాలిచ్చారు. ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది 16,347 పోస్టులకి. మా పుట్టింటి వీధిలో అమ్మాయికి స్కూల్ అసిస్టెంటు వచ్చింది, టీవీలో కనపడుతుందేమోనని అత్తయ్య పొద్దున్నించీ రిమోటు వదల్లేదు. ఆ జనంలో ఎవరు కనపడతారు? అయినా ఒక పసుపు చీర చూపించి “అదుగో ఆ పిల్లే” అని తేల్చేసింది.

సాయంత్రం ఆ అమ్మాయిని చూడ్డానికి వెళ్ళాం. నన్ను పక్కకి పిలిచి చెప్పింది: “అక్కా, టెట్‌లో మార్కులు పెంచుకో. డీఎస్సీకి 80, టెట్‌కి 20. అరమార్కులో పోతాయి.” సోషల్ వాళ్ళం ఎంతమందిమో, పోస్టులు ఎన్నో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ లెక్కలోకి పోలేదు. చిన్న తరగతులకైనా వెళ్దామంటే 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తలుపు వేసేసింది. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పడానికి బీఈడీ పనికిరాదు, డీఎడ్ ఉండాలి. తీర్పు సబబే అనుకుంటాను. మా రెండేళ్ళలో చిన్న పిల్లకి అ ఆ ఎలా దిద్దించాలో ఒక్క పీరియడూ లేదు.

అక్టోబరు 8, బుధవారం

ఇంటర్న్‌షిప్‌కి హైస్కూలు ఇచ్చారు. మునేరు ఒడ్డు ఊరు. జగ్గయ్యపేట నుంచి నందిగామ 30 కిలోమీటర్ల లోపే, అక్కడ దిగి ఆటో. బడి గేటు దగ్గర ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద సైకిళ్ళు. హెచ్చెమ్ గారు నా పత్రం చదివి, సంతకం పెట్టి, “సోషల్ మేడంకి అప్పజెప్తున్నా, ఆవిడ చెప్పినట్టు నడుచుకోమ్మా” అన్నారు.

సోషల్ మేడం 2002 డీఎస్సీ. ఏడాది బీఈడీ కాలం మనిషి. నా రికార్డు తెరిచి, అట్ట బాగుందంది. లోపలి గడులు చూసింది. ప్రేరణ, ప్రకటన, సమర్పణ, మూల్యాంకనం. “ఇవన్నీ ఉంచు. రేపట్నుంచి ఆరో తరగతి ఏ సెక్షన్, బి సెక్షన్ రెండూ నీవే. ఒకే పాఠం రెండుచోట్లా చెప్పు. ఏ అయ్యాక బికి వెళ్ళేలోపు స్టాఫ్ రూములో కూర్చుని ఒక్క కాగితం రాయి. నాకు చూపించక్కర్లేదు.”

నాకు వెంటనే ఆగస్టులో పాఠం మళ్ళీ చెప్పకుండానే సంతకం పడ్డ ఆ పునర్బోధన గడి గుర్తొచ్చింది. రెండు సెక్షన్లున్న ప్రతి బళ్ళోనూ స్టాన్‌ఫర్డ్ చక్రం టైంటేబుల్లోనే ఉంది, ఎవరూ దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే.

అక్టోబరు 14, మంగళవారం

పటాల పాఠం. ఆంధ్రప్రదేశ్ పటం గోడకి తగిలించాను. దిక్కులు, స్కేలు, గుర్తులు. పాఠ్యపుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు. పిల్లలు ఎడం పేజీ చదివినట్టు నటిస్తూ కుడి పేజీ చూస్తారు. ఏ సెక్షన్ హుషారైంది. పైన ఉత్తరం, కింద దక్షిణం, గొంతులు పైకప్పుకి తగిలాయి.

అంతా అయ్యాక, మరి ఉత్తరం ఎటుందో చూపించండర్రా అన్నాను. సగం చేతులు ఆకాశంలోకి లేచాయి! నిజంగానే పైకి, ఫ్యాను వైపు. మూడో బెంచీలో ఒక పిల్ల ఇంకో సందేహం తీసింది. “టీచర్, ఖమ్మం పైనుంది కదా. మనూరు కింద. అందుకే మునేరు ఇటు పారుతుందా?” నీళ్ళు పల్లానికి పారతాయి, పటంలో కిందికి కాదు. అయితే ఇక్కడ రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. మునేరు నిజంగానే ఉత్తరాన్నించి దక్షిణానికి వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ పిల్ల తప్పు కారణంతో సరైన జవాబు చెప్పింది. ఇలాంటిదానికి మా మూల్యాంకనం గడిలో టిక్కు పెడతారు.

కాగితం రాశాను. మేడం టీ తాగుతూ అటుగా వచ్చి, చదవకుండానే, “పటం గోడ మీద నుంచి దించు” అని వెళ్ళిపోయింది.

అక్టోబరు 15, బుధవారం

బి సెక్షన్. బెంచీలు గోడకి జరిపి పటం నేల మీద పరిచాను. పొద్దున పీరియడు, ఎండ కిటికీలోంచి పడుతోంది. పొద్దు పొడిచిన వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చెయ్యి ఎటో చూడమన్నాను. ఆ చెయ్యి వైపుకి పటం పైభాగాన్ని తిప్పారు. తిప్పగానే గది మారిపోయింది. ఖమ్మం ఖమ్మం వైపే ఉంది. బెజవాడ బెజవాడ వైపే ఉంది. “టీచర్, హైవే కూడా సరిగ్గానే ఉంది!” అని ఒకడు అరిచాడు, హైవే వాళ్ళ నాన్నది అయినట్టు.

అప్పుడు నదులు. సుద్దముక్కతో నేల మీద పెద్దగా గీశాం. ఒకడు మునేరు, ఒకతె వైరా, ఒకడు కట్టలేరు. ముగ్గురూ కీసర దగ్గర కలిసి నడిచి కృష్ణని ముట్టుకోవాలి. కట్టలేరు పిల్లాడు ముందే పరిగెత్తి కృష్ణలో పడిపోయాడు, వెనక్కి పిలవాల్సొచ్చింది. 2023 జులైలో మునేరు ఐతవరం దగ్గర హైవే ఎక్కేసి బస్సులు నిలిచిపోయిన సంగతి వాళ్ళకి పాఠం కాదు. ఒకమ్మాయి వాళ్ళ బాబాయి ఆ రాత్రి లారీలోనే ఉన్నాడట. హైవే మునేరుని ఎక్కడ దాటుతుందో ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. స్కేలు గురించి నేను అనుకున్నంత చెప్పలేదు, టైము లేదు.

సరిహద్దు దగ్గర ఇంకో పేచీ. గరికపాడు చెక్‌పోస్టు అవతల తెలంగాణ. “మా అమ్మమ్మది కోదాడ పక్కన. ఆ గీత నేల మీద ఉండదేంటి టీచర్?” అని అడిగాడు ఒకడు. 2014 జూన్ 2న గీశారు నాన్నా అన్నాను. “ఎవరు?” అన్నాడు. అది పౌరశాస్త్రం పాఠం, డిసెంబర్లో వస్తుంది అని తప్పించుకున్నాను. మన జిల్లా ఏది అంటే సగం మంది కృష్ణా, సగం మంది ఎన్టీఆర్ అన్నారు. 2022 ఏప్రిల్ 4న విడిపోయింది కానీ ఇళ్ళల్లో ఇంకా విడిపోలేదు. నా పట్టా మాత్రం కృష్ణా యూనివర్సిటీ ఇస్తుంది. బందరు నుంచి మెట్టకి రావాలి.

మర్నాటికి ఏ సెక్షన్‌ని కూడా నేల మీదకి దించుతానని మేడంతో చెప్పాను. “వాళ్ళకి మళ్ళీ చెప్తే సిలబస్ ఎవరు నడుపుతారు?” అంది. ఒక నిమిషం ఆగి, “శనివారం చివరి పీరియడు నాది తీసుకో” అంది.

అక్టోబరు 29, బుధవారం

మొంథా తుపాను. నిన్న రాత్రి తీరం దాటింది. సోమవారం నుంచీ బళ్ళకి సెలవులు. ఇక్కడ గాలి అంత లేదు, వాన మాత్రం వదల్లేదు. నందిగామ దారిలో పత్తి విచ్చుకున్న చేలన్నీ తడిసి ముద్ద. బళ్ళో పిల్లల ఇళ్ళల్లో ఈ పూట ఏం మాట్లాడుకుంటున్నారో ఊహించొచ్చు. రేపు బడి తెరిస్తే సగం మంది ఏరడానికి పోతారు.

పాఠశాల పరిశీలన రికార్డులో ‘హాజరు తగ్గడానికి కారణాలు’ అని ఒక పట్టిక ఉంది. అనారోగ్యం, నిరాసక్తత, తల్లిదండ్రుల అవగాహన లేమి, ఇతరములు. పత్తిని ‘ఇతరములు’లో రాయాలి కాబోలు.

నవంబరు 9, ఆదివారం

‘స్థానిక వనరుల వినియోగం’ అనే అసైన్‌మెంటు కోసం ముగ్గురం బౌద్ధ స్తూపం దిబ్బకి వెళ్ళాం. ధనబోడు అంటారు. జగ్గయ్యపేటలో పుట్టిన పెద్దవాళ్ళకే దారి సరిగ్గా తెలీదు. పేట పేరు అడిగితే మాత్రం చెప్తారు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు, అంతకుముందు బేతవోలు.

ఆ దిబ్బని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. బయటపడ్డ మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యి పైకెత్తితే నాణేల వాన కురుస్తుంది, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి. అప్పుడు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి మద్రాసు పోయింది. మా ఊరి వాన ఎగ్మోరులో కురుస్తోంది.

నాకు మాంధాత కంటే స్తంభాల మీది శాసనంలోని మనిషి దగ్గరివాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో ఇరవయ్యో ఏట, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, వేలగిరిలోని, అంటే ఈ దిబ్బ మీది, మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు సిద్ధార్థుడనే ఒక ఆవేసని. అంటే పనివాళ్ళ మేస్త్రి. రాజు పేరు సంవత్సరం లెక్కకి మాత్రమే ఉంది, డబ్బు మేస్త్రిది. అక్షరాలకి కింద పొడవాటి తోకలు, తీగలు సాగినట్టు. ఫోటో చూసి గీయబోతే చిన్నోడు “అమ్మా, నీ దస్తూరి కంటే బాగుంది” అన్నాడు.

రాయి ఈ మెట్టదే, పల్నాటి సున్నపురాయి. ఆ జాతి రాయినే జయంతిపురంలో, ముక్త్యాలలో ఇవాళ పొడి చేసి సిమెంటు సంచీల్లో పోస్తున్నారు. ఇది మా ఆయన చెప్పారు, నేను కాదు. అసైన్‌మెంటులో ఆయన పేరు వేయడానికి గడి లేదు.

నవంబరు 11, మంగళవారం

ఏ సెక్షన్‌కి రాజుతో మొదలుపెట్టాను. విన్నారు. బి సెక్షన్‌కి మేస్త్రితో మొదలుపెట్టాను. “స్తంభం ఎంతైంది టీచర్?”, “మేస్త్రికి అంత డబ్బెక్కడిది?”, “మా నాన్న కూడా మేస్త్రీయే.” బెల్లు కొట్టినా కదల్లేదు. ఖరీదు శాసనంలో లేదు. లేదని చెప్పాను.

నవంబరు 22, శనివారం

మేడం చేతిలో ఇవాళ నా పాత మనోవిజ్ఞానం నోట్సు. డిసెంబరు టెట్‌కి ఆవిడ కూడా కట్టింది. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఎప్పుడు చేరినా సరే, అయిదేళ్ళకి మించి సర్వీసు మిగిలి ఉంటే రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి. టెట్ అన్నది 2010లో వచ్చింది. ఆవిడ అప్పటికే ఎనిమిదేళ్ళ టీచరు.

150 మార్కులు, రెండున్నర గంటలు. అందులో 30 శిశువికాసం. సోషల్ 60 ఆవిడకి కాఫీ తాగినంత. ఈ 30 దగ్గరే కోపం. మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టాఫ్ రూములో నేను చెప్పాను, ఆవిడ రాసుకుంది. పియాజే దశలు. ఏడు నుంచి పదకొండేళ్ళది మూర్త ప్రచాలక దశ, కళ్ళకి కనపడి చేతికి అందేదాన్ని బట్టే పిల్లలు తర్కం చేస్తారు. పెన్ను ఆపింది. “అంటే ఆరో తరగతి పిల్లలు దాని గట్టు మీదున్నారన్నమాట. పటం నేల మీదకి దించేది అందుకేనా?” అందుకేనేమో మేడం అన్నాను. “ఇన్నేళ్ళుగా దించుతున్నా, ఈ పేరుందని తెలీదు” అని నవ్వింది. తర్వాత వైగోట్‌స్కీ, సామీప్య వికాస మండలం. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, తెలిసినవాళ్ళు చెయ్యి అందిస్తే చేయగలిగేది. ఆ పేరు పలకడం ఆవిడకి కుదర్లేదు, నాకూ మొదట్లో కుదర్లేదు.

టీచర్లకి పరీక్ష పెట్టకూడదని నేను అనను. బీరువాలో రికార్డులు చూసినదాన్ని, ఎలా అంటాను? కానీ ఆవిడని వడకట్టడానికి నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమనే పరీక్షే దొరికిందా అనిపిస్తుంది. ఆవిడ పాఠం ఒక పూట వెనక బెంచీలో కూర్చుని చూస్తే తేలిపోయేదానికి! ఎవరొచ్చి కూర్చుంటారు, రాష్ట్రంలో ఎన్ని బెంచీలని కూర్చుంటారు అంటే నా దగ్గరా జవాబు లేదు.

డిసెంబరు 5, శుక్రవారం

మెగా పేరెంట్ టీచర్ మీటింగు. ముగ్గులు, తోరణాలు, అమ్మలకి పోటీలు. అరవడానికి నాకు మైకు ఇచ్చారు. మేస్త్రీ కూతురు వాళ్ళ నాన్నని నా దగ్గరికి లాక్కొచ్చింది. చేతులకి సిమెంటు పగుళ్ళు, ఇస్త్రీ చొక్కా. “మా పిల్ల ఏదో స్తంభాలంటోందండీ, అయిదు కట్టాడంట. అవి ఇంకా ఉన్నాయా?” అన్నాడు. దిబ్బకి దారి చెప్పాను. హైవే మీంచి ఎటు తిరగాలో అడిగి, అరచేతిలో వేలితో గీసుకున్నాడు.

డిసెంబరు 15, సోమవారం

మేడం టెట్ రాసొచ్చింది. కంప్యూటరు ముందు మౌసు పట్టుకుని పక్క కుర్చీలో చూస్తే ఆవిడ పాత విద్యార్థేనట. “నమస్తే మేడం” అని లేచి నిలబడ్డాడట, ఇన్విజిలేటరు కూర్చోమని కసిరాడట. పేపరు ఎలా ఉందంటే, “వైగోట్‌స్కీ వచ్చాడు” అంది, మిగతాది చెప్పలేదు.

వచ్చే వారం మా కాలేజీ నుంచి పరిశీలకులు వస్తారు, ఫైనల్ లెసన్. ఒక్క సెక్షనే చూస్తారు, ఒక్కసారే. ప్రభుత్వం పాఠం ఎంచుకున్నాను, ఆ అబ్బాయికి సరిహద్దు గీత బాకీ ఉంది కాబట్టి. ఆ అబ్బాయి బిలో ఉన్నాడు. పరిశీలకులు వచ్చేది ఏ సెక్షన్ పీరియడుకి. ముందురోజు బికి చెప్పి, కాగితం రాసుకుని, మర్నాడు ఏకి చెప్పేలా టైంటేబులు అటూ ఇటూ చేయొచ్చా అని అడిగాను. మేడం హెచ్చెమ్ గారి గదికి వెళ్ళొచ్చింది. లెక్కల సారు మంగళవారం రెండో పీరియడు ఇస్తానన్నారు, బదులుగా గురువారం ఆఖరి పీరియడు ఆయనకి కావాలి.